గ్యాస్ బిళ్ల ఆపకుండా పరీక్ష చేయించాం, తప్పు ఎవరిది?

గోదారి గట్టు:
అమ్మకు రెండేళ్లుగా పొట్ట పైభాగంలో మంట. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఎండోస్కోపీలో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే కడుపు క్రిమి (బ్యాక్టీరియా) ఉందని తేలింది. 14 రోజుల మందుల కోర్సు రాశారు. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుందని, మంట కూడా తగ్గిందని అమ్మ ఐదో రోజే ఆపేసింది. నెలన్నరకు ఊపిరి పరీక్ష చేయిస్తే క్రిమి లేదన్నారు. సంబరపడ్డాం. మూడు నెలలకు మళ్లీ అదే మంట. ఈసారి చూసిన డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "పరీక్షకు ముందు గ్యాస్ బిళ్ల ఆపారా?" ఆపలేదు, కడుపులో ఆమ్లం తగ్గించే ఆ బిళ్ల రోజూ పరగడుపున వేసుకుంటూనే ఉంది. కనీసం రెండు వారాలు ఆపకపోతే క్రిమి ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చట. మొదటిచోట ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. చీటీ నిండా ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఇందులో అమ్మ తప్పెంత?

మందుల షాపు:
కొంత ఉందండీ. "ఐదు రోజులకివ్వు, మిగతావి తర్వాత" అనేవాళ్లను రోజూ చూస్తాను. మళ్లీ రారు. సగంలో ఆపితే మిగిలిన క్రిమి మందుకు లొంగకపోవచ్చు. యాంటీబయాటిక్ మందులైన క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్‌కు లొంగని రకాలు మన దేశంలో ఇప్పటికే ఎక్కువ.

ఓరుగల్లు నర్సు:
సగం కొనేది డబ్బు చాలక కూడా అన్నా. ఇంకోటి, కోర్సులో బిస్మత్ అనే మందు ఉంటే విరేచనం నల్లగా అవుతుంది. ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని హడలిపోయి మందు మానేస్తారు. బిస్మత్, ఐరన్ బిళ్లలు వాడకుండానే తారులా నల్లగా వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలి. ఈ రెండు మాటలు తెలుగులో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

పల్లెటూరి పంతులు:
మన దేశంలో సగం మందికి పైగా ఉండే క్రిమికి ఇంత హడావిడి ఎందుకు? కారం తగ్గిస్తే చాలదా?

ఓరుగల్లు నర్సు:
కారం మంటను పెంచుతుందేమో కానీ క్రిమిని తేదు మాస్టారూ. 1984లో ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ ఈ క్రిమిని తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. కడుపు క్యాన్సర్ కారకాల్లో ఇదీ ఒకటి. అయితే అజీర్తి అంతా దీనివల్లే కాదు. క్రిమి పోయినా కొందరికి మంట ఉంటుంది, అదీ ముందే చెప్పాలి.

గోదారి గట్టు:
అమ్మకు మళ్లీ కోర్సు మొదలైంది, ఈసారి వేరే మందులతో. ఇవాళ తొమ్మిదో రోజు. గోడ క్యాలెండర్ మీద పూటపూటకూ తనే టిక్ పెడుతోంది. కోర్సయ్యాక నాలుగు వారాలు దాటాకే పరీక్ష. దానికి రెండు వారాల ముందు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, "గ్యాస్ బిళ్ల బంద్" అని పెద్దక్షరాలతో రాశాను.