అప్‌డేట్: మా అమ్మాయిని హాస్టల్ నుంచి ఇంటికి తీసుకొచ్చాం

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి హాస్టల్లో సరిగ్గా తినడం లేదని, వారాంతపు పరీక్ష అంటే కడుపునొప్పితో వణికిపోతోందని, చదువు మాన్పించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది ముందు 14416కు ఫోన్ చేయమన్నారు. మీ అందరికీ కృతజ్ఞతలు.

అది కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడారు. నాకంటే పాపతోనే ఎక్కువసేపు మాట్లాడి, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవమన్నారు. ఇది పరీక్షల ఆందోళనేనని, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, కౌన్సెలింగ్ చాలని డాక్టరుగారు చెప్పారు.

కాలేజీతో మాట్లాడటమే కష్టమైంది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, జాబితా గోడకు అంటించడం అక్కడ మామూలు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు ప్రతిని ప్రిన్సిపాల్ ముందు పెట్టాను. వీలైనంతవరకు మార్కుల ఆధారంగా విద్యార్థులను వేరుచేయకూడదని, అందరి ముందూ అవమానించకూడదని, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. జాబితా తీసేశారు. కౌన్సెలర్‌ను మాత్రం ఇంకా నియమించలేదు. మరికొందరు తల్లిదండ్రులతో కలిసి రాతపూర్వకంగా అడిగాం, వదిలిపెట్టం.

పాప ఇప్పుడు ఇంటి నుంచే వెళ్తోంది. అన్నం దగ్గర మార్కుల మాట ఎత్తకూడదని వాళ్ల నాయనమ్మ కచ్చితంగా చెప్పేసింది. పరీక్ష ముందురోజు కడుపునొప్పి ఇంకా వస్తోంది, కానీ దాచుకోకుండా మాకు చెబుతోంది. చదువు మాన్పించడం లేదు.