తలుపు అంచున రంగు ఉబ్బింది: వానలు తగ్గేదాకా పద్మినిని తుప్పు నుంచి కాపాడేదెలా?

ప్రశ్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. నాన్నగారు కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ వాడుకలోనే ఉంది. కార్తీకం వస్తే శ్రీకాళహస్తికైనా, కాణిపాకానికైనా అమ్మ ఆ కారులోనే వస్తానంటుంది. మన ఊళ్లో చలికాలం అంటే సగం వానకాలమే కదా! ఇప్పుడు ఎడమవైపు తలుపు కింది అంచున రంగు బుడగలుగా లేచింది. ఒక షెడ్డులో అడుగంతా పాత ఇంజిన్ ఆయిల్ కొట్టమన్నారు. మరో షెడ్డులో నల్ల రబ్బరు కోటింగు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నారు. అమెరికాలో ఉన్న మా బావేమో రోడ్డు మీది ఉప్పుతో జాగ్రత్త అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు (చిత్తూరు, టింకరింగు పని)

తమ్ముడూ, మీ బావ చెప్పింది వాళ్ల ఊరికి సరిపోతుంది. అక్కడ మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇనుమును త్వరగా తినేస్తుంది. మన ఘాట్ రోడ్డుకు ఆ బెడద లేదు. తూపిలిపాళెం బీచికో, పులికాట్ ఉప్పునీటి సరస్సు వైపో వెళ్లివచ్చిన రోజు మాత్రం అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగేయండి, మర్నాటికి వాయిదా వేయవద్దు.

మన దగ్గర కారును తినేది పడే వాన కాదు, పోకుండా నిలిచిన నీరు. తలుపు అద్దం పక్కనుంచి దిగిన నీరు బయటకు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము, ఎండుటాకులు వాటిని మూసేస్తే తలుపు లోపల తొట్టిలా నీరు నిలుస్తుంది. మీకు బయట కనిపించే బుడగ లోపల ఎప్పుడో మొదలైన తుప్పు. సన్నటి తీగతో ఆ రంధ్రాలు పొడిచి చూడండి, ముందు నల్లటి బురద, తర్వాత నీళ్లు వస్తాయి. ఆ తర్వాత లోపలి రబ్బరు మ్యాటు ఎత్తి, కింద ఉన్న జనపనార పరుపును పిండి చూడండి. తడి ఉంటే ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పోయిందని అనుమానించాలి.

పద్మినికి లారీలాగా విడి ఛాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) లేదు. తలుపుల కింద ఉండే బోలు పట్టీలే బండి బరువు మోస్తాయి. జాకీ ఎత్తినప్పుడు తలుపు మూసుకోకుండా మొరాయిస్తే ఆ పట్టీలు బలహీనపడ్డాయన్న మాట. అప్పుడు రంగు గురించి ఆలోచించడం దండగ.

పాత ఆయిల్ కొట్టించవద్దు. కీళ్ల దగ్గర అదురు ఆపే రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, రోడ్డు దుమ్మంతా అంటుకుంటుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం. నల్ల కోటింగు మంచిదే, కానీ తుప్పు మీద వేస్తే అది మూత మాత్రమే. ఎక్కడో సన్నగా పగిలి, తడి లోపలికి దూరి, పైకి నున్నగా కనిపిస్తూనే రేకు చిల్లులు పడుతుంది. ఆ పని చేసేవారు ముందు గీకుతారా లేదా అని అడగండి. గీకము అంటే అక్కడినుంచి బయలుదేరండి.

ఇప్పుడు కార్తీకం. తడిసిన రేకు మీద ఏ రంగూ నిలవదు. మడ్‌గార్డుల లోపలి మట్టి కడిగించి, కాసేపు నడిపి ఆరనిచ్చి, బోలు భాగాల్లోకి తుప్పు ఆపే మైనపు స్ప్రే కొట్టండి. అడుగు రంధ్రాలు మాత్రం మూయవద్దు. అసలు పని ఎండాకాలానికి పెట్టుకోండి. వైరు బ్రష్షు, ఉప్పు కాగితం (శాండ్‌పేపర్)తో రేకు మెరిసేదాకా గీకాలి, థిన్నర్‌తో తుడవాలి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే, తడిని ఆపే పూత) కొట్టాలి. వట్టి రెడాక్సైడు (ఇనుముకు పూసే ఎర్ర ప్రైమర్) పూసి వదిలేస్తే అది నీటిని పూర్తిగా ఆపలేదు.

మరో జవాబు (తిరుపతి)

రెండు మాటలు కలుపుతాను. తడిసిన కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పకండి. గాలి ఆడే షెడ్డు ఉంటే కవరే అక్కర్లేదు. 2021 నవంబరు వరదల్లో మునిగిన బండి అయితే సీట్లు విప్పి చూడకుండా ఏ కోటింగూ వేయించవద్దు. ఇంకొకటి, ఇప్పుడొస్తున్న పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి కదలకపోతే ట్యాంకు లోపల కూడా తుప్పు పడుతుంది. ఫిల్టరులో గోధుమరంగు పొడి కనిపిస్తే ట్యాంకు దించాల్సిందే. పాత రబ్బరు గొట్టాలు కూడా మార్చేయండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, మీరు చెప్పినట్టే తలుపు రంధ్రాలు పొడిస్తే గ్లాసుడు నీళ్లు కారాయి. డ్రైవరు కాళ్ల కింద పరుపు తడిగానే ఉంది. స్క్రూడ్రైవరుతో కాస్త నొక్కితే ఫ్లోరులో ఒకచోట దిగిపోయింది. ఫైబర్ అంటించి పైన పట్టీ పెడితే చాలంటున్నారు. చాలదా?

జవాబు (చిత్తూరు)

చాలదు. స్క్రూడ్రైవరు దిగిన చోట రేకు లేదని అర్థం. గట్టి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగు చేయించండి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించండి, మంట దగ్గర పెట్రోలు గొట్టం లేకుండా చూసుకోండి, పక్కన నీళ్లూ ఇసుకా ఉంచుకోండి. అతుకుకు రెండు వైపులా ప్రైమర్ పడాలి, కింది వైపు మరిచిపోయేవారే ఎక్కువ. ముందు అద్దం రబ్బరు మార్చండి. అది మార్చకుండా ఫ్లోరు చేయిస్తే వచ్చే కార్తీకానికి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. అప్పటిదాకా పరుపు తీసి ఎండలో వేయండి, కారును ఒట్టి ఫ్లోరుతోనే నడపండి. అమ్మగారిని మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టండి.