తేలు, కందిరీగ, జెర్రి కుడితే మీ వైపు ఏ పసరు వాడతారు?

చెనిక్కాయల రైతు (ధర్మవరం): చెనిక్కాయలు పెరికేటప్పుడు కూలోళ్లకు ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. ఏ ఆకు పనిచేస్తుంది? పిల్లలకు కూడా పూయొచ్చా?

కడప కోడలు: కందిరీగకు మా అత్త తుమ్మి ఆకు నలిపి పూస్తుంది. సున్నం మాత్రం వద్దు. మా ఆడబిడ్డ చెంపకు పట్టిస్తే కందిరీగ వాపు తగ్గింది గానీ సున్నం బొబ్బ తగ్గలేదు.

ఆదోని అన్న: సున్నం వద్దంటే ఎట్లమ్మా? తేనెటీగది ఆమ్లం, సున్నం క్షారం, సరికి సరి. బడిలో చదువుకోలేదా?

కడప కోడలు: చదివినాం లేన్నా. విషం చర్మం లోపల, నీ సున్నం చర్మం పైన, రెండూ యాడ కలుస్తాయి? తేనెటీగైతే ముందు ముల్లు పీకేయాలి, అది ఉన్నంతసేపు విషం దిగుతానే ఉంటుంది.

ఆదోని అన్న: అంటే మా తాతకు తెలీదా?

మూలికల మామ: మీ సున్నం గొడవ పక్కన పెట్టండి. మూడు తరాలుగా ఉత్తరేణి వేరు నూరి కడుతున్నాం. తేలు మంట దిగాల్సిందే. మా చేతిలో ఒక్కరూ పోలేదు.

నైట్ డ్యూటీ నర్సు: చాలా తేళ్లు ప్రాణం తీయవు, అందుకే పోలేదు. నల్ల మండ్రగబ్బను చూసి జనం బెదురుతారు గానీ గుండెకు ఎసరు పెట్టేది చిన్న ఎర్రతేలు. వాంతులు, ఒళ్లంతా చెమటలు, కాళ్లూ చేతులూ చల్లబడటం మొదలైతే వేర్లు నూరుతూ కూర్చోవద్దు. పిల్లలైతే అంతవరకూ కూడా ఆగొద్దు. దానికి ప్రాజోసిన్ మాత్ర ఉంది. దాన్ని వాడి చూపించిన మహారాష్ట్రలోని మహాడ్ డాక్టర్ బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

మూలికల మామ: కంపెనీ ఎంతిస్తుందమ్మా నీకు?

నైట్ డ్యూటీ నర్సు: కట్టు కట్టి మీరు పడుకుంటారు. తెల్లవారుజామున ఆటోలోంచి పిల్లోడిని దించుకునేది మేము.

కోడుమూరోడు: మాకు ఇవన్నీ ఎందుకప్పా. శ్రావణం మూడో సోమవారం కొండెక్కి, రాళ్లు ఎత్తి, తేళ్లు పట్టి మా దేవుడు కొండలరాయుడికి ఇస్తాం.

ఆదోని అన్న: టీవీలో చూసినా. కొండి విరిచినవే కదా అవి?

కోడుమూరోడు: వచ్చి చేత్తో పట్టుకో, తెలుస్తుంది.

టమాట తోట: గడ్డిమందు కొట్టీ కొట్టీ మా చేలో ఉత్తరేణీ లేదు, తుమ్మీ లేదు. అనంతపురంలో ఎక్కడైనా అమ్ముతారా?

కడప కోడలు: వినాయక చవితికి పత్రి కట్టల్లో ఉత్తరేణి వస్తుంది. తుమ్మికి మాత్రం చెరువు గట్టుకు పోవాల్సిందే.