ఫ్రీజర్‌లో పెట్టిన తల్లిపాలకు సబ్బు వాసన, పాప ఉమ్మేస్తోంది

మాది తిరుపతి, ఆఫీసు రేణిగుంటలో. పాపకు 5 నెలలు. అప్పుడే పిండిన పాలు గుటగుటా తాగేస్తుంది. ఫ్రీజర్‌లో వారం ఉన్నవి కరిగించి ఇస్తే మాత్రం నాలుక బయటికి నెట్టి, మొహం తిప్పేస్తోంది. పులిసిన వాసన కాదు, సబ్బు నీళ్ల వాసన. సంచులు మానేసి గాజు సీసాలు వాడాను, వాటిని మరిగించాను, ఫ్రీజర్‌లో బాగా లోపలికి పెట్టి చూశాను. అదే వాసన. ఫ్రిజ్ ఇన్వర్టర్ మీదే ఉంది, కాబట్టి కరెంటు కోతల సమస్య కాదు. అత్తమ్మ పారబోయమంటున్నారు (మనసొప్పడం లేదు).

డాక్టరమ్మేమో ఇది లైపేజ్ (పాలలో సహజంగా ఉండే, కొవ్వును విడగొట్టే ఎంజైమ్) వల్ల, పాలు చెడిపోలేదు అన్నారు. గడ్డకట్టించే ముందే, అంచున చిన్న బుడగలు వచ్చేదాకా వేడి చేసి, మరగకముందే దించి వెంటనే చల్లార్చమన్నారు. ఆఫీసులో స్టవ్ లేదు. మధ్యాహ్నం 1 గంటకు పిండినవి ఐస్ ప్యాక్ సంచిలో ఇంటికి చేరేసరికి 6 అవుతుంది. ఇలా సాయంత్రం వేడి చేసి దాచినా వాసన రాకుండా ఆగిందా, చేసి చూసినవాళ్లు చెప్తారా?