బొంత అంచు పట్టీకి పరికరాలు కొనాలా, పాత పద్ధతే సరిపోతుందా?

ప్రశ్న: కొర్లగుంట, తిరుపతి

అందరికీ నమస్కారం. పాత నూలు చీరలతో బొంతలు కుట్టడం మా ఇంట్లో అవ్వ కాలం నుంచి ఉన్న అలవాటు. ఇప్పుడు మా పొదుపు సంఘంలోని కొందరు తమకూ కుట్టి ఇవ్వమని, కూలి ఇస్తామని అడుగుతున్నారు. లోపలి కుట్టు విషయంలో నాకు ఇబ్బంది లేదు కానీ, చుట్టూ వేసే అంచు పట్టీ దగ్గరే పొద్దంతా గడిచిపోతోంది. పట్టీలు కత్తిరించి, ఒకదానికొకటి అతికి, మడిచి ఇస్త్రీ చేసి, ముందువైపు మిషను మీద కుట్టి, వెనక్కి తిప్పి, చుట్టూ చేత్తో హెమ్మింగ్ చేసేసరికి మెడ పట్టేస్తోంది.

ఆన్‌లైన్ దుకాణాల్లో దీనికోసం ఒక సెట్టు అమ్ముతున్నారు. అందులో పట్టీని రెండు పక్కలా మడిచి ఇచ్చే చిన్న లోహపు టేప్ మేకర్, మిషను ఫుట్ (గుడ్డను నొక్కి పట్టే పాదం) స్థానంలో బిగించే బైండర్ ఫుట్, గుండుసూదులకు బదులు వాడే ప్లాస్టిక్ క్లిప్పులు ఉన్నాయి. బైండర్ ఉంటే పట్టీ పైనా కిందా ఒకే కుట్టులో పడిపోతుందని వీడియోలలో చూపిస్తున్నారు. నాది మోటారు బిగించిన పాత నల్ల మిషను. సూటి కుట్టు మాత్రమే వస్తుంది. బొంత కొలత 60 అంగుళాలకు 90 అంగుళాలు. నాలుగు పొరల చీరలు, మధ్యలో ఒక పాత దుప్పటి పెడతాను. అంచు దగ్గర నొక్కి కొలిస్తే సుమారు 6 మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఇలాంటి పనికి ఆ సెట్టు నిజంగా ఉపయోగపడుతుందా, లేక డబ్బు దండగా? వాడిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: చిత్తూరు, టైలరు

అమ్మా, మీరు చెప్పిన మందానికి బైండర్ ఫుట్ పనికిరాదు. క్లిప్పులు తప్పక కొనుక్కోండి, అవి విడిగా కూడా దొరుకుతాయి. టేప్ మేకర్ మంచి వస్తువే, కానీ మీ పనికి దాని అవసరం లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

బైండర్ కొత్తగా వచ్చినదేమీ కాదు. 1889 నాటి పేటెంటుతో వచ్చిన సింగర్ మిషను పరికరాల మడత పెట్టెలో, ఫ్రిల్లులు పెట్టే రఫ్లరు, అంచు మడిచే హెమ్మర్లతో పాటు బైండరు కూడా ఉండేది. దాని పని తీరు చూడండి. ముందు భాగంలో గరాటులా చుట్టుకున్న రేకు ఒకటి ఉంటుంది. పట్టీ అందులోంచి వస్తూ మడత పడుతుంది, గుడ్డ అంచు ఆ మడత మధ్యలో ఉన్న సందులోకి వెళుతుంది, వెనకాలే సూది అన్నిటినీ కలిపి కుట్టేస్తుంది. జాకెట్టు చంక, చంటిపిల్లల చొక్కా మెడ, ఏప్రాను అంచు వంటి పలుచని వాటి మీద ఇది చక్కగా నడుస్తుంది. అయితే ఆ సందు చాలా ఇరుకు. 6 మిల్లీమీటర్ల బొంతను అందులోకి బలవంతంగా తోస్తే అంచు సందు చివరి దాకా వెళ్లదు. అప్పుడు పైన కుట్టు అందంగా పడినట్టే కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింది పట్టీ జానెడు మేర కుట్టులో పడకుండా వేలాడుతూ ఉంటుంది. అది విప్పి మళ్లీ కుట్టడం చేతి హెమ్మింగ్ కంటే పెద్ద పని. పైగా బొంతకు నాలుగు మూలలుంటాయి. బైండర్ దానంతటది మూల తిప్పలేదు. ప్రతి మూల దగ్గరా ఆపి, బొంతను బయటికి తీసి, పట్టీని చేత్తో మడిచి, మళ్లీ ఎక్కించాలి. అటువంటప్పుడు అది ఆదా చేసే సమయమెంత?

ఇక టేప్ మేకర్ సంగతి. జపాన్‌కు చెందిన క్లోవర్ వంటి సంస్థలు వీటిని 6, 9, 12, 18, 25, 50 మిల్లీమీటర్ల కొలతల్లో చేస్తాయి. అవి పట్టీ రెండు అంచులనూ మధ్యలోకి మడుస్తాయి. కానీ బొంతకు గట్టిగా నిలిచేది రెండు పొరల పట్టీ, అంటే పట్టీని నిలువునా సగానికి ఒక్క మడత పెట్టి, తెరిచి ఉన్న రెండు అంచులనూ బొంత అంచుతో కలిపి కుట్టేది. ఆ ఒక్క మడతకు ఇస్త్రీ పెట్టె చాలు, పరికరం దేనికి?

అసలు చాలామంది పొరపడేది పట్టీ వెడల్పు దగ్గర. ఎవరో చెప్పారని రెండున్నర అంగుళాలు కత్తిరిస్తారు, తీరా వెనక్కి తిప్పితే కుట్టు గీత మీదికి పట్టీ అందదు. లెక్క ఇలా వేసుకోండి: అంచు నుంచి కుట్టు దూరానికి మూడింతలు, దానికి బొంత మందం, ఆపైన కుట్టును కప్పడానికి 3 మిల్లీమీటర్లు, ఈ మొత్తాన్ని రెండింతలు చేస్తే కత్తిరించవలసిన వెడల్పు వస్తుంది. మీ బొంతకు కుట్టు 10 మిల్లీమీటర్ల లోపలికి వేస్తే 30, 6, 3 కలిపి 39, రెండింతలు 78 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు 3 అంగుళాలు. అదే కుట్టు 6 మిల్లీమీటర్ల దూరంలో వేస్తే 54 మిల్లీమీటర్లు చాలు. అయితే ఇన్ని పొరలను అంత అంచున పట్టుకుని కుట్టడం కష్టం, లోపలి పొర ఏదో ఒకటి జారిపోతుంది.

గుడ్డ ఎంత కావాలంటే, మీ బొంత చుట్టుకొలత 300 అంగుళాలు, చివర అతుకుకు మరో 12 కలుపుకోండి. 44 అంగుళాల పన్నా గుడ్డలో అంచులు తీసేయగా 42 అంగుళాలు పనికొస్తుంది. ఐమూలగా అతికితే ప్రతి అతుకు దగ్గరా పట్టీ వెడల్పు అంత, అంటే 3 అంగుళాలు పోతుంది కాబట్టి 8 పట్టీలు తీస్తే 315 అంగుళాలు మిగులుతాయి. 24 అంగుళాల గుడ్డ చాలు, కానీ బొటాబొటీగా కాకుండా ముప్పావు మీటరు తీసుకోండి. అతుకులు మాత్రం సూటిగా వేయవద్దు. ఐమూలగా వేస్తే ఆ మందం ఒక్కచోట కుప్పపడకుండా సర్దుకుంటుంది.

మీ సమయమంతా హెమ్మింగ్‌లో పోతోందన్నారు. దానికి మందు పరికరం కాదు, కుట్టే వరుస మార్చడం. పట్టీని ముందువైపు కాకుండా మొదట వెనకవైపు కుట్టండి. తరువాత ముందుకు తిప్పి, మడత అంచుకు దగ్గరగా మిషను మీదే పైకుట్టు వేయండి. ముందువైపు కుట్టు కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి సూటిగా వస్తుంది. వెనక పట్టీ పక్కన మరో గీత కనిపిస్తుంది, అంతే. రోజూ కప్పుకుని ఉతికే బొంతకు చేతి హెమ్మింగ్ కంటే ఇదే గట్టిది. పెళ్లికి కానుకగా ఇచ్చేదైతే అప్పుడు చేత్తో చేయండి.

మూల దగ్గర అంచుకు 10 మిల్లీమీటర్ల ముందే ఆపి, రివర్సు కుట్టు వేసి దారం తెంపండి. పట్టీని పైకి, బొంత నుంచి దూరంగా మడిస్తే ఐమూలగా ఒక గీత వస్తుంది. మళ్లీ కిందికి, రెండో అంచుకు సరిగా మడిచి పై నుంచి కుట్టు మొదలుపెట్టండి. తిప్పినప్పుడు మూల దానంతటదే కుదురుతుంది.

డబ్బు పెట్టదలచుకుంటే వాకింగ్ ఫుట్ మీద పెట్టండి. మామూలు ఫుట్ కింద పళ్లు అడుగు పొరను మాత్రమే లాగుతాయి, పై పొర వెనకబడి ముడతలు పడుతుంది. ఇది పై పొరను కూడా సమానంగా నడిపిస్తుంది. మీ నల్ల మిషనుకు సరిపడే పొట్టి కాడది అడిగి తీసుకోండి. అంతవరకు ఫుట్ మీది ఒత్తిడి స్క్రూను కొంచెం వదులు చేసి, 18 నంబరు సూది పెట్టి, కుట్టు పొడవు పెంచుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది.

జవాబు: రేణిగుంట, చంటిపిల్లల బట్టలు కుట్టేవారు

అన్నగారు చెప్పిన లెక్క సరైనదే, అయినా బైండర్‌ను అంతగా తీసిపారేయడానికి నేను ఒప్పుకోను. మేము ఉయ్యాల బొంతలు, చిన్న దుప్పట్లు పవర్ మిషను మీద కుడతాము. వాటికి మల్లు గుడ్డ రెండు పొరలు, మధ్యలో పలుచని ఫ్లానెల్ తప్ప ఇంకేమీ ఉండదు. మిషను బల్ల మీద బిగించే ఫోల్డరు, అంటే బైండర్ లాంటిదే, లేకపోతే మాకు కూలి గిట్టదు. ఒకే కొలత, ఒకే మందం, ఒకే పట్టీ వెడల్పుతో వరుసగా పదులకొద్దీ కుట్టేవారికి అది పెట్టిన డబ్బును రాబడుతుంది. ఒక్కొక్క బొంతా ఒక్కొక్క మందంలో కుట్టేవారికి మాత్రం ప్రతిసారీ సర్దుబాటుకే సమయం పోతుంది.

మూలల చిక్కుకు మా దగ్గర ఒక ఉపాయం ఉంది. మూల మీద చిన్న పళ్లెం బోర్లించి గీత గీసి గుండ్రంగా కత్తిరిస్తే బైండర్ ఆగకుండా తిరిగిపోతుంది. అయితే అప్పుడు పట్టీ తప్పనిసరిగా క్రాసుగా, అంటే పోగుకు ఐమూలగా తీయాలి. పోగు వెంట సూటిగా తీసిన పట్టీ సాగదు కాబట్టి గుండ్రటి మూల దగ్గర ముడుచుకుపోతుంది. క్రాసు పట్టీలో ఇంకొక లాభం, మడత మీద ఒకే పోగు నిలువునా పడదు కనుక రాపిడికి అంచు ఒకేసారి చిట్లదు. గుడ్డ మాత్రం ఎక్కువ పడుతుంది, లాగితే సాగుతుంది. అందుకే పలుచగా గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసుకుని కుడతాము.

టేప్ మేకర్ కూడా లేకుండా పట్టీ మడవవచ్చు. ఇస్త్రీ చేసే దుప్పటిలోకి పొడవాటి గుండుసూదిని గుచ్చి, మధ్యలో కావలసిన వెడల్పు మేర బయటికి కనిపించేలా ఉంచి, మళ్లీ లోపలికి గుచ్చాలి. పట్టీ మొనను ఐమూలగా కత్తిరించి, రెండు పక్కలా మడిచి ఆ సూది కింద నుంచి లాగుతూ, వెనకాలే ఇస్త్రీ పెట్టెను నడిపిస్తే సరి. జాకెట్ల పైపింగుకు మాకు ఇదే అలవాటు.

జవాబు: నగరి

మేము మరమగ్గాల వాళ్లం. ఇంత లెక్క ఎందుకండీ? అడుగు గుడ్డను చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, దాన్నే ముందుకు రెండు మడతలు మడిచి కుట్టేస్తే పట్టీ, అతుకు, పరికరం ఏదీ అక్కరలేదు. మా ఇంట్లో లుంగీ గుడ్డ అడుగున వేసి ఇలాగే కుడతారు.

జవాబు: చిత్తూరు, టైలరు

అదీ మంచి పద్ధతే, ఇంటి వాడకానికి నేనూ కాదనను. ఒక్కటే లోపం: బొంతలో అన్నిటికంటే ముందు చిరిగేది అంచు. విడి పట్టీ అయితే విప్పి కొత్తది వేయవచ్చు. అడుగు గుడ్డనే మడిచినప్పుడు మడత దగ్గర చిరిగితే, దాని మీద మళ్లీ పట్టీ వేయడమో, బొంతను చుట్టూ కొంత కోసేయడమో తప్పదు. డబ్బు తీసుకుని కుట్టి ఇచ్చే బొంతకు విడి పట్టీయే వేయమంటాను.

ప్రశ్న అడిగినవారు: కొర్లగుంట, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. బైండర్ ఆలోచన మానుకుని క్లిప్పులు మాత్రం తెప్పిస్తున్నాను. వెనక కుట్టి ముందుకు తిప్పే పద్ధతి ఒక పాత బొంత మీద వేసి చూశాను, మూలలు బాగానే కుదిరాయి. మరొక్క సందేహం. ఒకరు తమ బొంతకు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డతో పట్టీ వేయమని గుడ్డ తెచ్చి ఇచ్చారు. చీరలు పాతవి, పట్టీ కొత్తది, అలా కలపవచ్చునా?

జవాబు: శ్రీకాళహస్తి

కలపవచ్చు, కానీ ముందు గుడ్డను ఉతికి ఆరబెట్టకుండా కత్తెర పెట్టవద్దు. ఏళ్ల తరబడి ఉతికిన చీరలు కుదించుకోవలసినంతా కుదించుకుని ఉంటాయి. కొత్త నూలు పట్టీ మొదటి ఉతుకులోనే కుదించుకుని బొంత అంచును చుట్టూ లాగేస్తుంది, అప్పుడు మధ్య భాగం ఉబ్బి నేల మీద సమంగా పరుచుకోదు.

చేత్తో రాసిన కలంకారీ అయితే ఇంకో జాగ్రత్త అవసరం. మా ఊళ్లో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణంతో నల్ల గీతలు గీస్తారు. ఇనుము ఉన్న ఆ నలుపు కాలక్రమేణా నూలు పోగును బలహీనపరుస్తుంది. పాత గుడ్డల్లో నల్ల గీతల వెంబడే చిరుగు రావడానికి కారణం ఇదే. కాబట్టి నలుపు దట్టంగా ఉన్న భాగాన్ని పట్టీకి తీసుకోకండి, ముఖ్యంగా మడత మీదికి రానివ్వకండి. దాన్ని బొంత మధ్యలో అతుకు బొమ్మగా పెడితే కంటికీ బాగుంటుంది, రాపిడీ తగలదు. బజారులో కలంకారీ పేరుతో దొరికే స్క్రీన్ ప్రింటు గుడ్డకు ఈ చిక్కు ఉండదు కానీ, ఎరుపు కారే అవకాశం ఉంటుంది. తడిపిన తెల్ల గుడ్డతో ఎర్రటి చోట గట్టిగా రుద్ది చూడండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే విడిగా మళ్లీ ఉతకండి. రెండోసారి కూడా అంటితే ఆ గుడ్డను లేత రంగు చీరల బొంతకు వేయకుండా, ముదురు రంగు బొంతకు ఉంచమని ఆర్డరు ఇచ్చినవారికి ముందే చెప్పండి.