తెల్ల క్లోవర్‌లో కొన్ని మొక్కలకే విషం ఎందుకు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, హనుమకొండ):
ఐరోపా పచ్చికబయళ్లలో సహజంగా పెరిగే తెల్ల క్లోవర్, అంటే ట్రైఫోలియం రెపెన్స్, మన పెసర, ఉలవల కుటుంబానికే చెందినది. ఆకు నలిపితే కొన్ని మొక్కల నుంచి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వెలువడుతుందనీ, పక్కనే పెరిగే అదే జాతి మొక్కల నుంచి వెలువడదనీ చదివాను. విషం రక్షణే అయితే అది లేని మొక్కలు ఎందుకు అంతరించలేదు?

జవాబు (వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు, వరంగల్):
దీనికి మూలం రెండు జన్యువులు. ఒకటి ఉంటేనే ఆకులో లినమారిన్, లోటాస్ట్రాలిన్ అనే గ్లూకోసైడ్లు (చక్కెరతో కలిసి ఉన్న పదార్థాలు) తయారవుతాయి. రెండోది ఉంటేనే వాటిని విడగొట్టే లినమరేస్ ఎంజైము తయారవుతుంది. మామూలుగా ఇవి వేర్వేరు చోట్ల ఉంటాయి. నత్త కొరికి కణాలు చితికినప్పుడు ఒకదానితో ఒకటి కలిసి సయనైడ్‌ను పుట్టిస్తాయి కాబట్టి, ఏ ఒక్కటి లోపించినా నలిపిన ఆకు నుంచి విషం రాదు. అలా లోపించిన జన్యువు ఆ మొక్కల డీఎన్ఏ నుంచే తొలగిపోయి ఉంటుంది.

మీ అసలు ప్రశ్నకు 1954లో డాడై అనే పరిశోధకుడు ప్రచురించిన పరిశీలన ముఖ్యం. మధ్యధరా తీరంలో దాదాపు అన్నీ విషమున్న మొక్కలే. ఈశాన్యంగా రష్యా వైపు వెళ్లేకొద్దీ అవి తగ్గి, చివరికి దాదాపు కనిపించవు. ఈ తగ్గుదల జనవరి సగటు ఉష్ణోగ్రతను అనుసరించి సాగుతుంది. చలికాలం మృదువుగా ఉన్నచోట నత్తలు, పురుగులు ఎక్కువకాలం మేస్తాయి కనుక విషం పనికొస్తుంది; చలి తీవ్రమైన చోట దాని తయారీకయ్యే ఖర్చు వృథా. మంచుకు కణాలు పగిలి మొక్క తన విషానికి తానే గురవుతుందనే వివరణ కూడా ఉంది కానీ, నాకు అది ఒక్కటే సరిపోదనిపిస్తుంది.

జవాబు (రైతు, జనగామ):
సార్, లేత జొన్న మేసిన గొడ్డుకు నాము తగిలి పడిపోవడం మా వైపు అందరికీ తెలిసినదే. ఇదీ అలాంటిదేనా?

జవాబు (ఉపన్యాసకుడు):
విషం అదే. జొన్నలో ధురిన్ అనే వేరే గ్లూకోసైడ్ నుంచి అది పుడుతుంది. లేత పైరులో, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకల్లో, బెట్టకు వచ్చిన పైరులో ఎక్కువగా ఉంటుంది. క్లోవర్ మేసే పశువులకు మాత్రం సయనైడ్ కంటే కడుపుబ్బరమే పెద్ద ముప్పు. లినమారిన్ మన కర్రపెండలంలోనూ ఉంది కనుక, అమ్మా, క్లోవర్ దొరకకపోయినా ఆ ఆకులను నలిపి, మూత పెట్టిన గాజు గొట్టంలో సోడియం పిక్రేట్ కాగితాన్ని ఆకులకు తగలకుండా వేలాడదీస్తే సయనైడ్ తగిలి ఆ పసుపు కాగితం ఎర్రబారడం చూడవచ్చు. ఆ కాగితాన్ని తడిపే ద్రావణాన్ని పిక్రిక్ ఆమ్లంతో చేస్తారు; ఎండిన పిక్రిక్ ఆమ్లం పేలుతుంది, కాబట్టి దాన్ని మీ ప్రయోగశాల బాధ్యుల చేతనే తయారు చేయించండి.