పేగులో కూర్చుని మందు తయారుచేసే బ్యాక్టీరియా నిజంగా వచ్చేసిందా? (తమ్ముడికి క్రోన్స్)

మారతహళ్లి_అక్క
బెంగళూరులో ఉంటాం. తమ్ముడికి 24 ఏళ్ళు, క్రోన్స్ (పేగులో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని తేలి మూడేళ్ళయింది, రెండు వారాలకోసారి అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ పొట్ట మీద వేసుకుంటాడు. అనంతపురం వెళ్ళినప్పుడల్లా ఆ ఇంజెక్షన్ ఐస్ ప్యాకుల మధ్య పెట్టుకుని బస్సులో బ్యాగు ఒళ్ళోంచి దించడు, గంటకోసారి జిప్ తీసి చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకుంటాడు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. మొన్న వాట్సాప్‌లో వచ్చింది, బ్యాక్టీరియా జీన్స్ మార్చి మింగిస్తే అదే పేగులో మందు తయారుచేసి ఇస్తుందంట. ఎక్కడైనా దొరుకుతుందా? అది లోపలే పెరిగిపోతే ఏంటి పరిస్థితి?

ల్యాబ్_రాయుడు
అక్కా, నేను ఇక్కడే మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. విషయం నిజమే, కానీ క్రోన్స్‌కి ఇంకా దొరకదు. ఈ-కోలై అనే బ్యాక్టీరియాతో చేసిన ఇన్సులిన్ 1982 నుంచే మార్కెట్లో ఉంది, ఫ్యాక్టరీ ట్యాంకులో తయారయ్యే ఆ పని పేగులోనే జరిగితే ఎలా ఉంటుందన్నదే ఈ పరిశోధకుల ఆలోచన. మీ తమ్ముడి జబ్బు మీదే ట్రై చేశారు కూడా. చీజ్ తయారీలో వాడే లాక్టోకాకస్ అనే బ్యాక్టీరియాలో, వాపు తగ్గించే ఐఎల్-10 అనే ప్రోటీన్ జీన్ పెట్టారు, 2000లో బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల్లో చూపించారు, 2006లో పది మంది క్రోన్స్ పేషెంట్లకి ఇచ్చిన రిజల్ట్ వచ్చింది.

పెరిగిపోతే అన్నారు కదా, నాకు బాగా నచ్చేది అక్కడే. థైమిడిన్ తయారుచేసుకునే జీన్ పీకేసి సరిగ్గా ఆ చోటే ఐఎల్-10 జీన్ పెట్టారు. థైమిడిన్ లేకపోతే డీఎన్ఏ కట్టుకోలేదు, అంటే పెరిగిపోవడం కుదరదు, బయటికి పోయాక బతకడమూ కుదరదు, పోయిన జీన్ వేరే బ్యాక్టీరియా నుంచి తిరిగి తెచ్చుకున్నా మందు జీన్ పోతుంది.

ఇబ్బందల్లా డోసు దగ్గర. ఒక్కొక్కరి పేగులో ఎన్ని బతుకుతాయో, ఎంత మందు వదుల్తాయో చెప్పలేం. తర్వాత అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) వాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో డమ్మీ మందుకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పీకేయూ అనే పుట్టుక జబ్బుకి జీన్స్ మార్చిన ఈ-కోలై నిస్సిల్ అనే రకం బ్యాక్టీరియా చివరి దశ ట్రయల్ దాకా వెళ్ళింది, 2024లో ఆపేశారు. ఇంజెక్షన్ మాత్రం అస్సలు ఆపొద్దక్కా.

అడయార్_వాసి
చెన్నై నుంచి. జీన్స్ మార్చింది కాదుగానీ బతికున్న బ్యాక్టీరియానే మా నాన్నకి మందుగా ఇచ్చారండి, మూత్రాశయం క్యాన్సర్‌కి బీసీజీ, అదే టీబీ టీకాలో ఉండేదే. వారానికోసారి ఆరు వారాలు, ట్యూబుతో లోపలికి ఎక్కించి రెండు గంటలు ఆపుకోమనేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆరు గంటల దాకా బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ బ్లీచింగ్ పోసి పావుగంట ఆగి నీళ్ళు కొట్టేవాళ్ళం, ఆ వాసన ఇల్లంతా. అందుకే బ్యాక్టీరియాతో వైద్యం అంటే నాకు భయం లేదు, జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించాలి.

ల్యాబ్_రాయుడు
కరెక్ట్ అండి. అక్కా, ఇంకోటి, తమ్ముడి మందు ఇమ్యూనిటీని అణిచిపెడుతుంది కాబట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ కూడా డాక్టర్ని అడక్కుండా వాడనివ్వకండి, వాటిల్లోనూ బతికున్న బ్యాక్టీరియానే.

మారతహళ్లి_అక్క
చాలా థ్యాంక్స్ తమ్ముడూ, అండీ మీక్కూడా, నాన్నగారు బాగుండాలి. వాడికి చదివి వినిపించా, థైమిడిన్ ముక్క రెండోసారి చదవమన్నాడు. క్యాప్సూల్స్ మాట చదవగానే మొహం పెట్టాడు, ఆ వాట్సాప్ లింకులోంచే రెండు డబ్బాలు ఆర్డర్ పెట్టేశాడంట. ఇప్పుడే క్యాన్సిల్ చేయించా. మంగళవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, అడుగుతా.